నాగము, మకరము: రాతినుండి తెరవరకు

కార్తిక శుద్ధ చవితినాడు గుంటూరు, ప్రకాశము జిల్లాల పల్లెలలో తెల్లవారకముందే సందడి మొదలగును. స్త్రీలు తలస్నానము చేసి, చలిమిడి, చిమ్మిలి, ఆవుపాలు పళ్లెములలో పెట్టుకొని, పిల్లలను వెంటబెట్టుకొని చేలగట్లపై నున్న పుట్టలకు బయలుదేరుదురు. అప్పటికి నల్లరేగడి చేలలో పత్తికాయలు పగులుచుండును. మిరపతోటలు పూతమీద నుండును. పుట్టకు పసుపు కుంకుమలు పెట్టి, కన్నములో పాలు పోసి, ఇంటిల్లిపాదిని చల్లగా చూడుమని నాగదేవతను వేడుకొందురు.

ఆ నాగదేవత ఎట్లుండునని వారి వెంట వచ్చిన ఏ పిల్లవానినైనను అడుగుడు. ఐదు పడగలుండునని వెంటనే చెప్పును. ఐదు పడగల పామును వాడు చూడలేదు. వాని తండ్రి చూడలేదు, తాత చూడలేదు. అయినను దాని రూపము ఊరందరికిని తెలియును. ఎవరును చూడని జంతువు ఇందరి మనస్సులలో ఒకే తీరున ఎట్లు నిలిచినది? దాని పుట్టుక ఏమి? నేడు కంప్యూటరు తెరలపై గంటకొక వింత జంతువు పుట్టుచున్న కాలమున ఈ ప్రశ్నకు జవాబు తెలిసికొనుట ప్రతి విద్యార్థికిని అవసరము.

అమరావతి రాళ్లు

జవాబు వెదకుటకు దూరము పోనక్కరలేదు. గుంటూరికి ఉత్తరముగా కృష్ణ ఒడ్డున అమరావతి కలదు. దీని ప్రాచీన నామము ధాన్యకటకము. క్రీస్తుకు పూర్వము మూడు, రెండు శతాబ్దుల నాటినుండి క్రీస్తుశకము మూడవ శతాబ్ది వరకు ఇచట ఒక మహా స్తూపము అంచెలంచెలుగా పెరిగెను. దాని అడుగు భాగపు వ్యాసము సుమారు 160 అడుగులు. పలనాటి సీమలో దొరకు, పాలరాతివలె కనిపించు సున్నపురాతి పలకలతో దానిని కప్పి, ఆ పలకలపై శిల్పములు చెక్కిరి.

కాలక్రమమున స్తూపము మట్టిదిబ్బ యయ్యెను. 18వ శతాబ్ది చివర రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతి పట్టణమును కట్టించునపుడు ఈ దిబ్బనుండి ఇటుకలు, రాళ్లు తీయించెను. ఆ వార్త విని 1797లో కాలిన్ మెకంజీ ఇచటికి వచ్చెను. 1816లో మరల వచ్చి, చిత్రకారులచే శిల్పములకు బొమ్మలు వ్రాయించెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి, శిల్పములను మద్రాసునకు పంపెను. వానిలో నూటికి పైగా 1859లో ఓడమీద లండనుకు పోయినవి. నేడు ఆ శిల్పములు లండనులోని బ్రిటిష్ మ్యూజియములోను, చెన్నపట్టణపు మ్యూజియములోను, అమరావతి ప్రదర్శనశాలలోను చెదరి యున్నవి.

ఆ పలకలను నిదానముగా పరికించినచో రెండు విధములైన జంతువులు కనిపించును. ఏనుగులు, గుఱ్ఱములు, ఎద్దులు, సింహములు మొదటి విధము. ఇవి శిల్పి కంటబడినవో, విన్నవో అయిన నిజమైన జంతువులు. రెక్కల సింహములు, మకరములు, పెక్కు పడగల నాగములు రెండవ విధము. ఇవి ఏ అడవిలోను లేవు. నాగములను చెక్కుటలో శిల్పులు ఒక కట్టుబాటును కూడ పాటించిరి. సాధారణముగా నాగరాజు తలపై ఐదో ఏడో పడగలు, నాగిని తలపై ఒకే పడగ యుండును. పడగల సంఖ్య జంతువు లక్షణము కాదు, హోదాకు గుర్తు. రాజునకు కిరీటమెట్లో నాగరాజునకు పడగలట్లు.

ఒక పలకపై స్తూపమును చుట్టుకొని కాపలా కాయు నాగములు కలవు. అది రామగ్రామ స్తూపమని పండితులందురు. అశోకుడు బుద్ధుని ధాతువులున్న స్తూపములను తెరపించుచు రాగా, రామగ్రామమున మాత్రము నాగులు అడ్డుపడి కాపాడిన వని బౌద్ధుల కథ. శిల్పి ఆ కథనే రాతిపై చెప్పినాడు. చూచువారికి ఆ భాష తెలియును. ఇన్ని పడగల పాము ఎచట దొరకినదని ఆనాడు ఎవరును శిల్పిని అడిగియుండరు.

మకరమును విప్పి చూచుట

మకరము మరింత చక్కని ఉదాహరణము. అమరావతి ప్రాకారము పై వరుస రాళ్లలో లావైన పూలదండను మోయు యువకులు వరుసగా కనిపింతురు. ఆ దండ ఒక కొస మకరము నోటినుండి వెలువడును. మకరమునకు మొసలి దవడలు, పదునైన పండ్లు, తొండమువలె పైకి చుట్టుకొన్న ముక్కు, చేప తోక యుండును. ఈ భాగములను ఒక్కొక్కటిగా విడదీసినచో కొత్తది ఒకటియు మిగలదు. కృష్ణానదిలో మొసళ్లుండెను. రాజుల గజశాలలలో ఏనుగులుండెను. చేపలు రోజును వలలో పడుచుండెను. శిల్పి చేసినది వీనిని కలుపుట మాత్రమే. మనిషి కల్పనాశక్తి శూన్యమునుండి దేనిని పుట్టింపలేదు. చూచినవానిని తెంచి, మార్చి, అతుకును.

కలుపుటలో అర్థమున్నది. మొసలి, చేప నీటిలో నుండునవి. ఏనుగు నీటిని తొండముతో చిమ్మునది, వానమబ్బుతో పోల్చబడునది. మూడింటిని కలిపినచో నీటి శక్తి మొత్తము ఒకే రూపమున నిలుచును. అందుకే మన పురాణములలో మకరము గంగకును వరుణునకును వాహనమైనది. ఆకాశము మబ్బు పట్టక ముందే విత్తనము సిద్ధము చేసికొని కూర్చుండు రైతునకు నీటికంటె పూజింపదగినది మరియొకటి ఏది? దేవాలయ ద్వారములపై మకరతోరణము వేల యేండ్లుగా నిలుచుటకు కారణమిదియే యని ఊహింపవచ్చును.

ఆకాశములో మకరము

మకరమునకు సంక్రాంతితో సంబంధము వేరొక త్రోవను వచ్చినది. పండ్రెండు రాశుల బొమ్మలు ప్రాచీన బాబిలోనియాలో రూపొంది, గ్రీకుల ద్వారా మనదేశమునకు చేరినవి. బాబిలోనియా వారు ఆ రాశికి మేక తలయు చేప తోకయు గల జంతువును ఊహించిరి. మనవారు ఆ స్థానమున తమకు తెలిసిన నీటి జంతువైన మకరమును కూర్చుండబెట్టిరి. ఒక దేశపు వింత జంతువును మరియొక దేశము తన భాషలోనికి ఇట్లు అనువదించుకొన్నది.

సూర్యుడు మకరరాశిలో ప్రవేశించు దినము మకర సంక్రాంతి. ఆనాటినుండి ఉత్తరాయణమని పాఠశాలలో చెప్పుదుము. కాని ఆకాశమును కొలిచినచో సూర్యుడు దక్షిణపు కొసను తాకి ఉత్తరమునకు మరలునది డిసెంబరు 21 లేక 22వ తేదీన. సంక్రాంతి వచ్చునది జనవరి 14 లేక 15వ తేదీన. ఈ 24 దినముల తేడా ఎందుకు వచ్చెను?

భూమి బొంగరమువలె తిరుగుచు, బొంగరమువలెనే మెల్లగా తల ఊపును. ఆ ఊపు ఒక చుట్టు పూర్తి యగుటకు దాదాపు 25,800 సంవత్సరములు పట్టును. దీనివలన అయన బిందువులు నక్షత్రముల మధ్య సుమారు 72 ఏండ్లకు ఒక డిగ్రీ చొప్పున వెనుకకు జరుగును. దీనిని అయనచలనమందురు. మేఘనాథ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘము స్వీకరించిన లెక్క ప్రకారము క్రీ.శ. 285 ప్రాంతమున ఈ తేడా సున్న. అనగా నాగార్జునకొండ లోయలోని విజయపురినుండి ఇక్ష్వాకులు పాలించుచున్న నాడు ఉత్తరాయణము, సూర్యుని మకరరాశి ప్రవేశము ఒక్కసారే జరిగెను. నాటి శిల్పులు మలచిన రాతి మకరములు కదలలేదు. ఆకాశపు మకరమును మాత్రము అయనము వీడి జరిగిపోయినది. పండుగ పేరులో ఒక పురాతన ఖగోళ పరిశీలన నేటికిని దాగియున్నది. దానిని వెలికి తీయుట పండుగను తక్కువ చేయుట కాదు.

పుట్టలో నున్నది ఎవరు?

మరల పుట్ట దగ్గరకు పోవుదము. పుట్టను పాము కట్టదు. చెదపురుగులు మట్టిని తమ లాలాజలముతో కలిపి కట్టును. లోపల చల్లగా, చెమ్మగా నుండును గనుక చెదలు వదలిన పుట్టలో పాము చేరును. పాలు పాము ఆహారము కాదు. దప్పిగొన్న పాము ఏ ద్రవమునైనను త్రాగవచ్చును గాని, పాలను జీర్ణము చేసికొను ఏర్పాటు దాని శరీరమునకు లేదు. దాని ఆహారము ఎలుకలు, కప్పలు మొదలగునవి. నల్లరేగడి నేల ఎండినపుడు నెఱ్ఱెలు విచ్చును. ఆ నెఱ్ఱెలలో ఎలుకలు చేరును. ఎలుకల వెంట పాములు వచ్చును. ఆ లెక్కన పాము రైతునకు చేసిన మేలు నిజమే.

దానివలన కలుగు కీడును నిజమే. 2000 నుండి 2019 వరకు మనదేశమున పాముకాటువలన సుమారు 12 లక్షల మంది, అనగా ఏటా సగటున 58,000 మంది, మరణించిరని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసినది. వీరిలో సగముమంది జూన్, సెప్టెంబరు మాసముల మధ్య, వర్షకాలమున పోయినవారు. మరణములు ఎక్కువగా నున్న రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వానలు వెనుకబట్టిన కార్తికమున, కలుపుతీతలు ముగిసి పత్తితీతలకు చేలలోనికి దిగు వేళ, నాగపూజ వచ్చుట గమనింపదగినది. ఒక గండము గడచినదను ఊరట, ముందున్న పనిలో ప్రాణభయము, రెండును ఆ పూజలో ఉన్నట్లు తోచును.

అయితే ఐదు పడగల నాగము ఈ విషయమున మనకు తోడు రాదు. ప్రాణము తీయు పాములు ముఖ్యముగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. వీనిలో పడగ విప్పునది నాగుపాము ఒక్కటే. రక్తపింజరకు పడగ లేదు, అది ఎండుటాకులలో కలసిపోయి కదలక పడియుండును. కట్లపాము రాత్రివేళ నేలపై పరుండినవారిని కరచును, ఆ కాటు నొప్పికూడ తెలియకపోవచ్చును. పడగ ఉన్నదే విషసర్పమను నమ్మకముతో పెరిగిన కూలివాడు రక్తపింజరను లెక్కచేయడు. బొమ్మ మనస్సులో నిలిచి, నిజము కంటికి ఆనని చోటు ఇదియే. కాటు పడినపుడు కోయుట, పీల్చుట, గట్టిగా కట్టు కట్టుట, మంత్రగాని కొరకు కనిపెట్టుకొని యుండుట చేయరాదు. కరచిన అవయవమును కదలనీయక, రోగికి ధైర్యము చెప్పి, విషమునకు విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను. మన ఆసుపత్రులలో ఇచ్చు మందు ఈ నాలుగు పాముల విషమునకును పనిచేయునది.

నమ్మకము పామునకును కీడు చేయును. మన పొలములలో తిరుగు రెండుతలల పాము ఇందుకు నిదర్శనము. నిజమునకు దానికి తల ఒకటే. తోక మొద్దుగా, తలను పోలియుండుటచే ఆ పేరు వచ్చినది. అది విషము లేని సాధుజంతువు. అది ఇంట నున్నచో ధనము కలిసివచ్చునని నమ్మించి, లక్షలకు బేరము పెట్టి దొంగతనముగా అమ్ముచున్నారు. వన్యప్రాణి రక్షణ చట్టము ప్రకారము అది నేరము. నిజముగా రెండు తలలతో పుట్టు పాములు కూడ లేకపోలేదు. గ్రుడ్డులో కవలలు పూర్తిగా విడిపోనపుడు అట్టివి అరుదుగా పుట్టును. సాధారణముగా ఎక్కువ కాలము బ్రతుకవు.

నాగము చీనాకు పోయినది

మన నాగము కథలు దూరదేశములకు ప్రయాణము చేసినవి. క్రీ.శ. 7వ శతాబ్దిలో చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు ధాన్యకటకమునకు వచ్చి కొంతకాలము నివసించెను. బౌద్ధ గ్రంథములను చీనా భాషలోనికి మార్చిన పండితులు 'నాగ' శబ్దమునకు తమ 'లుంగ్' అను మాటను వాడిరి. లుంగ్ అనగా వారి డ్రాగన్. నాలుగు కాళ్లు, కొమ్ములు, పొలుసులు గల ఆ జంతువు వారికి వానల దేవత. నూతన సంవత్సర వేడుకలలో గుడ్డతోను వెదురుతోను చేసిన డ్రాగన్‌ను వీధులలో ఆడింతురు. ఐరోపావారి డ్రాగన్ మాత్రము నిప్పు గ్రక్కు శత్రువు. అయినను ఆ పేరు పామును తెలుపు గ్రీకు మాటనుండి వచ్చినదే.

చీనా మందుల దుకాణములలో 'డ్రాగన్ ఎముకలు' అను పేర అమ్ముచుండినవి నిజమునకు పూర్వ జంతువుల శిలాజములు. 1935లో ఫాన్ కోనిగ్స్‌వాల్డ్ అను శాస్త్రజ్ఞుడు హాంగ్‌కాంగ్‌లోని అట్టి ఒక దుకాణమున పెద్ద పన్నొకటి చూచెను. అది ఎప్పుడో నశించిన ఒక మహా వానరము పన్ను. దానివలననే ఆ జాతి లోకమునకు తెలిసెను. డ్రాగన్ అని కొట్టివేసి వెళ్లిపోయిన వానికి ఆ పన్ను దొరకదు. డ్రాగనే అని నమ్మిన వానికి అది వానరము పన్నని తెలియదు. ఆగి పరీక్షించిన వానికి రెండును దక్కినవి.

చుక్కలనుండి తెరవరకు

ధనుర్మాసమున మన వాకిళ్లలో మెలికల ముగ్గులు వెలయును. చుక్కలు పెట్టి, వాని చుట్టు గీతను త్రిప్పి, మొదలు పెట్టినచోటికే తెచ్చి కలుపుదురు. పాములు పెనవేసికొన్నట్లుండు ముగ్గులును వీనిలో ఉన్నవి. ఈ త్రిప్పుటలో లెక్క ఉన్నదని గ్రహించి మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి, కమలా కృత్తివాసన్ 1974లో ముగ్గులకు ఒక గణిత వ్యాకరణము వ్రాసిరి. కొద్ది సూత్రములు ఇచ్చినచో కంప్యూటరు ముగ్గును గీయగలదని దానివలన స్పష్టమయ్యెను. వాకిట ముగ్గు వేయు అమ్మకు ఆ సూత్రములు చేతివ్రేళ్లలోనే ఉన్నవి.

కంప్యూటరు తెరయు చుక్కల ముగ్గు వంటిదే. తెరపై బొమ్మ లక్షల చుక్కలుగా నుండును. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము ఎంతెంత అను మూడు అంకెలుండును. ఒక్కొక్కటి 0 నుండి 255 వరకు ఉండవచ్చును. కావున ఒక చుక్క ధరింపగల రంగులు 256 × 256 × 256, అనగా 1,67,77,216. అంకెలు మార్చినచో బొమ్మ మారును. 1957లో వచ్చిన మాయాబజారులోని వింతలన్నియు కెమెరా పనితనముతో చేసినవి. 1995లో వచ్చిన అమ్మోరు నాటికి మన సినిమాలలో కంప్యూటరు చిత్రములు ప్రవేశించినవి. 2022 నుండి, మాటలతో అడిగినచో బొమ్మను తయారుచేయు యంత్రములు సామాన్యులకు కూడ అందుబాటులోనికి వచ్చినవి.

ఈ యంత్రములకు ముందుగా కోట్ల బొమ్మలను, వాని వర్ణనలను చూపుదురు. ఏ మాటకు ఏ ఆకారము తోడుగా వచ్చునో అవి లెక్కలలో నేర్చుకొనును. తరువాత చుక్కల గందరగోళముతో మొదలుపెట్టి, అడుగడుగున దానిని సవరించుచు, అడిగిన రూపమునకు తెచ్చును. ఇదియు చూచినవానిని తెంచి అతుకుటయే. అమరావతి శిల్పికిని దీనికిని పద్ధతిలో పోలిక ఉన్నది. కాని ఒక పెద్ద భేదము కలదు. దవడ మొసలిదని, తోక చేపదని, అది నీటికి గుర్తని శిల్పికి తెలియును. యంత్రమునకు చుక్కల సంబంధమే తెలియును. అంతేకాదు. రాతి మకరము నేను కల్పననని మొగమున వ్రాసికొని నిలుచును. తెరపై పుట్టిన ఏడుతలల పాము గడ్డిలో, ఎండలో, నీడతో సహా నిజమైన ఛాయాచిత్రమువలె కనిపించును. 'ఫలానా ఊరిలో కనబడినది' అను వార్త తోడైనచో చేతి ఫోనులలో సాయంత్రమునకు ఊరూరును తిరిగివచ్చును. ఆ కళను తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. గుర్తును వార్తగా చెలామణి చేయుటయే తప్పు.

తరగతిలో ఒక గంట

ఉపాధ్యాయులు ఈ విషయమును సులభముగా బోధింపవచ్చును. ఒక వింత జంతువు బొమ్మను పిల్లలకు చూపి నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఇందులో ఏ భాగము ఏ నిజమైన జంతువుది? వీనిని కలిపినవాడు ఏమి చెప్పదలచెను? ఇది ఏ ఋతువుతో, ఏ పనితో ముడిపడినది? ఇది కల్పనయని తనంతట తాను చెప్పుచున్నదా, లేక నిజమని నమ్మింపజూచుచున్నదా? వీలైనచో వారిని అమరావతి ప్రదర్శనశాలకు తీసికొనిపోయి మకరమును భాగములుగా విడదీసి పుస్తకములో గీయింపుడు. ఉండవల్లి గుహలో ఆదిశేషునిపై పవ్వళించిన విష్ణుమూర్తిని చూపి, పడగలను లెక్కింపుడు. తరువాత నాలుగు విషసర్పముల చిత్రములను ప్రక్కన పెట్టి, పడగ లేనివి ఏవియో గుర్తింపజేయుడు.

ఇట్లు నేర్చిన పిల్లవాడు వచ్చే చవితికి తల్లివెంట పుట్ట దగ్గరకు మామూలుగానే పోవును. చలిమిడి తినును. కాని దారిలో ఎండుటాకుల మధ్య చుట్టగా పడియున్న పడగ లేని పామును ముందుగా చూచువాడు వాడే. అమ్మా, ఆగు అని చేయి పట్టుకొను వాడును వాడే.